సెమికోలన్ మాస్టారి మీద అర్జీ

మా ఆయనకు కోపం తెప్పించడం ఒక రకంగా కష్టం, ఒక రకంగా చాలా తేలిక. పప్పులో ఉప్పు మరిచిపోయినా, చొక్కా గుండీ ఊడిపోయినా, జీతం నెల మధ్యదాకా రాకపోయినా నోరెత్తేవారు కాదు. ఎవరైనా ఇంగ్లీషులో రెండు నిండు వాక్యాలను కామాతో అతికిస్తే మాత్రం ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు. పెళ్ళయిన కొత్తలో ఇదేదో జబ్బేమోనని భయపడి మా అమ్మకు చెప్పాను. అమ్మ అంతా విని, తాగుడూ పేకాటా కాదు కదా, సర్దుకుపొమ్మంది. సర్దుకుపోయాను.

ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. జిల్లా బోర్డు బళ్ళన్నీ జిల్లా పరిషత్ బళ్ళుగా పేరు మార్చుకుంటున్న రోజుల్లో ఆయన్ని వినుకొండ దగ్గర ఒక మెట్ట ఊరికి వేశారు. నేను పొన్నూరు పిల్లని. కాలవ నీళ్ళూ వరిచేలూ తప్ప మరొకటి ఎరగను. ఇక్కడ ఎటు చూసినా నల్లరేగడి, పత్తి, మిరప. బావి నీళ్ళలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు. మిరపకాయలు కోసి కల్లాల్లో ఆరబోసే రోజుల్లో గాలి ఊరివైపు తిరిగిందంటే ఇంటింటా తుమ్ములే. ఆ తుమ్ముల మధ్య మా ఆయన రైతుల పిల్లలకు సెమికోలన్ చెప్పేవారు.

చెప్పేది బాగానే చెప్పేవారు, ఆ మాట కాదనను. రెండు వాక్యాలున్నాయి, ఏ వాక్యానికి ఆ వాక్యం తన కాళ్ళ మీద నిలబడగలదు, అయినా రెంటికీ లోపల సంబంధం ఉంది. అక్కడ ఫుల్‌స్టాప్ పెడితే సంబంధం తెగిపోతుంది. కామా పెడితే ఆ అతుకు నిలవదు. సెమికోలన్ ఒక్కటే అక్కడికి తగినది. ‘వాన పడింది; వాగు పొంగింది.’ ఇక కోలన్ సంగతి వేరు. దానికి ముందున్నది నిండు వాక్యమై తీరాలి. ఆ వాక్యం చదివేవాడికి ఒక మాట ఇస్తుంది, కోలన్ తర్వాత వచ్చేది ఆ మాట చెల్లిస్తుంది. ‘మా ఊరికి మూడు కావాలి: రోడ్డు, కరెంటు, మంచినీళ్ళు.’ పిల్లలు ‘ది క్రాప్స్ ఆఫ్ అవర్ విలేజ్ ఆర్’ అని రాసి, అక్కడ రెండు చుక్కలు పెట్టి, తర్వాత పత్తి, మిరప అని రాసేవారు. మా ఆయన ఎర్ర సిరాతో కొట్టేసేవారు. ‘ఆర్’ దగ్గర వాక్యం ఇంకా పూర్తి కాలేదు, నడుస్తున్న వాక్యాన్ని మెడ పట్టుకుని ఆపడానికి నీకేం అధికారం ఉందని వాణ్ణి నిలబెట్టి అడిగేవారు. ఇంటి దగ్గర ఎద్దుల మెడలు తప్ప మరే మెడా పట్టుకుని ఎరగని ఆ పిల్లవాడు తెల్లమొహం వేసేవాడు.

బళ్ళో ఆయనకు సెమికోలన్ మాస్టారని పేరు పడింది. ఆ పేరు బడి దాటి ఊళ్ళోకి వచ్చింది. కొందరు ముసలివాళ్ళు అది మా ఇంటిపేరనుకున్నారు. నన్ను ‘సెమికోలనోరి కోడలు’ అని ఒకావిడ పేరంటంలో అందరికీ పరిచయం చేసింది. నేనూ సరిదిద్దలేదు.

ఆ ఊళ్ళో ఒక నమ్మకం ఉండేది. పైఆఫీసరుకు తెలుగులో అర్జీ పెడితే అది బల్ల కాలు కిందకు పోతుంది, ఇంగ్లీషులో పెడితేనే బల్ల మీదకు వస్తుంది. తెల్లవాళ్ళు వెళ్ళి అప్పటికి చాలా ఏళ్ళయినా ఆ కబురు ఊరిదాకా రాలేదు. మేం రాకముందు ఆ అర్జీలు వినుకొండలో స్టాంపులమ్మే ఒక గుమాస్తా రాసిపెట్టేవాడు. అతని రాతలో ‘మహారాజశ్రీ’ దగ్గర మొదలైన వాక్యం ‘విధేయుడు’ దగ్గర గాని ఊపిరి తీసుకునేది కాదు. అందులో కామాలు మాత్రం దండిగా ఉండేవి, అక్కడక్కడా గుప్పెడు జల్లినట్టు. అలాంటి అర్జీ ఒకటి చూశాక మా ఆయన రెండు రోజులు దిగులుగా తిరిగి, ఇక మీదట ఈ ఊరి అర్జీలన్నీ తానే ఉచితంగా రాస్తానని మునసబుగారికి కబురు పంపారు.

అప్పటినుంచి ఆదివారం వచ్చిందంటే మా అరుగు నిండా రైతులు. వాగు మీద వంతెన కావాలనీ, కరెంటు స్తంభాలు పక్క ఊరి దగ్గరే ఆగిపోయాయనీ, పత్తి విత్తనాలు మొలవలేదనీ వచ్చేవారు. వస్తూ వంకాయలో, దోసకాయలో, ఎండుమిరపకాయలో తెచ్చేవారు. మా ఆయన రాసి ఊరుకునేవారు కాదు. ఎక్కడ ఏ గుర్తు ఎందుకు పెట్టారో వాళ్ళకు విడమరిచి చెప్పిగాని కాగితం చేతికిచ్చేవారు కాదు. సెమికోలన్ గురించి విని ఒక రైతు, అన్నదమ్ములు వేరుపడ్డా మధ్యగోడ ఒకటే ఉంచుకున్నట్టన్నమాట, అన్నాడు. కోలన్ అంటే ముందు మాట ఇచ్చి తర్వాత దాన్ని చెల్లించడమని చెబితే, అయితే ఇది మన పంచాయతీ ప్రెసిడెంటుకు రాదులెండి అని ఇంకొకాయన తేల్చేశాడు. మా ఆయనకు ఆ ఆదివారాలంటే ప్రాణం. బళ్ళో పిల్లలకంటే అరుగు మీద తండ్రులే బాగా వింటున్నారని మురిసిపోయేవారు.

దీనివల్ల జరిగిందేమిటంటే, ఆ ఊళ్ళో ఆయన తప్ప ఇంగ్లీషు అక్షరం కాగితం మీద పెట్టే మనిషి లేకుండా పోయాడు. తోటి మాస్టర్ల సెలవు చీటీలు కూడా దిద్ది ఇచ్చేసరికి వాళ్ళంతా తెలుగులోకి మారిపోయారు. రోజూ వినుకొండ నుంచి బస్సులో వచ్చే హెడ్మాస్టరుగారు ఏ కాగితం మీదైనా ‘సీన్’, అంటే చూశాను, అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టేవారు. ఒక్క ముక్కలో గుర్తులతో పని ఉండదు కదా.

ఇక నా సంగతి. నేను థర్డ్ ఫారం, అంటే ఎనిమిదో తరగతి దాకా చదివాను. తర్వాత పెళ్ళి చేశారు. చదువు ఎంతవరకని ఎవరైనా అడిగితే థర్డ్ ఫారం అని గొంతు తగ్గించి చెప్పి, వెంటనే కాఫీ కావాలా అని మాట మార్చేదాన్ని. మా తమ్ముడు స్కూలు ఫైనలు ప్యాసై నాకు మిఠాయి తెచ్చిన రోజున ఆ మిఠాయి నాకు గొంతు దిగలేదు. వాడి మీద అసూయే, ఇంకేం కాదు. ఆ ఊళ్ళో మా గోడ పక్కనే లెక్కల మాస్టారి ఇల్లు. ఆయన భార్యకూ నాకూ స్నేహం. ఆడవాళ్ళు బడికి పోకుండా ప్రైవేటుగా కూడా స్కూలు ఫైనలు కట్టవచ్చని ఆవిడే చెప్పింది. తర్వాత ట్రైనింగు చేస్తే టీచరు ఉద్యోగం వస్తుందని కూడా చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లెక్కల మాస్టారే దరఖాస్తు తెప్పించారు, హెడ్మాస్టరుగారి చేత ‘సీన్’ వేయించారు. సాయంత్రం పూట వాళ్ళ వసారాలో కూర్చోబెట్టి మాకిద్దరికీ ఆల్జీబ్రా చెప్పేవారు. ఆవిడ పరీక్ష కట్టలేదు, నాకు తోడుగా కూర్చుని మధ్యలో లేచి పొయ్యి దగ్గరకు పోయేది. నేను లేచేదాన్ని కాదు. దరఖాస్తు మీద భర్త సంతకం కావాలంటే మా ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చూశారు. ‘అభ్యర్థి పేరు’ దగ్గర కోలన్ వేసి, దాని పక్కన అడ్డగీత కూడా అచ్చు వేశారు. మన దేశంలో అన్ని ఫారాల మీదా అలాగే ఉంటుంది. రెండు చుక్కలు చాలవా, ఈ గీత ఎందుకు, గవర్నమెంటు ప్రెస్సులో కూడా చదువుకున్నవాడు లేడా అని విసుక్కుంటూ సంతకం పెట్టారు. ఆయన దాన్ని చదివారనే నేను అనుకున్నాను.

ఇంగ్లీషు మాత్రం ఆయనే చెప్పేవారు. దీపాలు పెట్టాక నా పాఠ్యపుస్తకం తీసుకుని కూర్చునేవారు. ఉపవాచకంలో ఓడ మునిగి ఒక పిల్ల తండ్రి చనిపోయే కథ ఉండేది. నేను ముక్కు ఎగబీలుస్తూ వింటుంటే ఆయన సరిగ్గా ఓడ మునిగే చోట ఆగి, ఇక్కడ సెమికోలన్ ఎందుకు పెట్టాడో చెప్పమని అడిగేవారు. ఆ పిల్ల చివరికి ఏమైందో నేను గుంటూరు నుంచి తెప్పించుకున్న గైడు చూసి తెలుసుకున్నాను. ఎవరైనా అడిగితే, పొద్దుపోక ఏదో చదువుకుంటోందిలెండి అనేవారు నా గురించి. ఆ మాట నాకు మండేది. కానీ కామా ఎక్కడ పెట్టకూడదో నాకు ఆయన వల్లే తెలిసింది, అది మాత్రం ఒప్పుకోవాలి.

పత్తి తీతలు మొదలైన రోజుల్లో క్వార్టర్లీ పరీక్షల మార్కులు ఇచ్చారు. మునసబుగారి అబ్బాయి ఆఖరి క్లాసులో ఉన్నాడు. వాడు ‘హౌఎవర్’ అనే మాట మీద మోజుతో వ్యాసమంతా అదే వాడాడు, ప్రతిచోటా దాని ముందు కామా పెట్టి రెండేసి వాక్యాలు అతికించాడు. మా ఆయన అతుకు అతుక్కీ మార్కు తగ్గిస్తూ పోతే చివరికి వాడికి ఏమీ మిగల్లేదు. అన్నిట్లో ప్యాసైన పిల్లవాడు ఇంగ్లీషులో గుండుసున్న తెచ్చుకున్నాడు. ఇదే వరస అయితే వాణ్ణి మార్చి నెలలో జరిగే స్కూలు ఫైనలు పరీక్షకు పంపరు.

ఆ ఆదివారం మునసబుగారు ఒక్కరే వచ్చారు. ఆయన మంచి మనిషి. మేం ఉంటున్న ఇల్లు ఆయన చూపించిందే. రోజూ వాళ్ళింటి నుంచి మాకు మజ్జిగ వచ్చేది. ఆ రోజు కూడా చెంబుతో మజ్జిగ తెచ్చి, అరుగు మీద కూర్చుని, కండువాతో మొహం తుడుచుకుని, మళ్ళీ తుడుచుకున్నారు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను.

“ఏం అనుకోమాకండి మాస్టారూ,” అన్నారు చివరికి. “మిమ్మల్ని ఇక్కణ్ణించి మార్చమని పైకి అర్జీ పెట్టుకోవాల. అది మీరే రాసిపెట్టాల. మీరు కాక ఈ ఊళ్ళో ఇంగిలీషు రాసేవోళ్ళు ఎవురున్నారు చెప్పండి.”

అందులో వెటకారం ఏమీ లేదు. వంతెనకు రాసినట్టే ఇదీ రాయమంటున్నారు. ఇప్పుడు మా ఆయనకు కోపం వస్తుంది, వచ్చి ఏదో అంటారు, మజ్జిగ ఆగిపోతుంది అని నేను లెక్క వేసుకుంటున్నాను. మా ఆయన తెల్లకాగితం తీసుకుని, కలంలో సిరా చూసుకుని, కారణాలు చెప్పమన్నారు.

మునసబుగారు చెప్పుకుంటూ పోయారు. చుక్కలకూ తోకలకూ మార్కులు కొట్టేస్తున్నారనీ, పిల్లల్ని కొడుతున్నారనీ, బడికి ఆలస్యంగా వస్తున్నారనీ, ఎవరితోనూ కలవరనీ. మా ఆయన మధ్యలో ఆపారు. తాను ఎవర్నీ కొట్టలేదు, ఎప్పుడూ ఆలస్యంగా పోలేదు, అబద్ధాలు రాయనన్నారు. మునసబుగారు సిగ్గుపడి, నిజమేలెండి, ఏదో ఊపులో అన్నానన్నారు. అబద్ధాలు తీసేస్తే కారణాలు తక్కువ పడ్డాయి. అప్పుడు మా ఆయన కొంచెం ఆలోచించి, ఈ ఏడు కోలన్ మీదే నెలంతా గడిపినందువల్ల పాఠాలు సగం కూడా కాలేదనీ, అది పెద్ద లోపమేననీ గుర్తు చేశారు. అట్టాగా, అయితే అదీ వేసుకోండి అన్నారు మునసబుగారు.

రాయడం అయ్యాక చదివి, తెలుగులో అర్థం చెప్పారు. ‘ఈ ఉపాధ్యాయునిలో మూడు లోపాలున్నాయి: మొదటిది, విషయం ఎంత బాగా రాసినా, గుర్తులు తప్పితే మార్కులివ్వరు; రెండవది, చెప్పవలసిన పాఠాలు, ముఖ్యంగా పద్యభాగం, పూర్తి చెయ్యలేదు; మూడవది, తల్లిదండ్రులు ఎంత బతిమాలినా, పద్ధతి మార్చుకోరు.’ ఒక్కొక్క అంశంలో లోపల కామాలు ఉన్నప్పుడు, ఆ అంశాలను విడదీయడానికి కామా చాలదు, సెమికోలనే పెట్టాలని మునసబుగారికి చూపించారు. మునసబుగారు తల ఊపి, సంతకం చేసి, దణ్ణం పెట్టి వెళ్ళారు. మా ఆయన మొహం వెలిగిపోతోంది. అంత బాగా కుదిరిన అర్జీ ఆయన అంతకుముందు రాయలేదు.

ఆయన లోపలికి రాగానే అడిగాను, మీ మీద మీరే రాసుకున్నారేమిటండీ, రాయనంటే పోయేది కదా అని. ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూశారు.

“రాయనంటే వినుకొండ వెళ్ళి ఆ స్టాంపుల గుమాస్తా చేత రాయించుకుంటారు. అది ఎంత ఘోరంగా ఉంటుందో ఆలోచించు,” అన్నారు.

కాగితం గుంటూరు వెళ్ళింది. వంతెన అర్జీకి మూడేళ్ళయినా బదులు రాలేదు. దీనికి పత్తి తీతలు ముగిసేలోగానే వచ్చింది. హెడ్మాస్టరుగారు ఆఫీసులో ఎవరినో కనుక్కుని వచ్చి చెప్పారు, ఆ తాలూకా నుంచి వచ్చే అర్జీల్లో ఎవరు ఏం అడుగుతున్నారో ఎప్పుడూ తెలిసేది కాదట. ఇది ఒక్కసారి చదవగానే అర్థమైందట. పైగా అందులో అబద్ధం ఒక్కటీ దొరకలేదు కనక విచారణ కూడా అక్కర్లేదనుకున్నారట. చీరాల అవతల సముద్రం ఒడ్డున ఇసుకలో ఉన్న ఒక ఊరికి వేశారు. కొత్త సంవత్సరం రాగానే అక్కడ చేరాలి. ఒక్కసారి చదవగానే అర్థమైందన్న మాట మా ఆయన చాలామందికి చెప్పుకున్నారు.

నాకు మాత్రం కళ్ళు తిరిగినంత పనైంది. ఆల్జీబ్రా సగంలో ఉంది. జామెట్రీ మొదలే పెట్టలేదు. నా పరీక్ష సెంటరు వినుకొండ. సముద్రం ఒడ్డు నుంచి వచ్చి పరీక్షలన్ని రోజులూ నేను ఎక్కడ ఉండాలి, ఎవరు పంపుతారు, ఎవరు నాకు లెక్కలు చెబుతారు? వచ్చే ఏడు కట్టవచ్చులే అని ఎవరైనా అనవచ్చు. ఆడదాని చదువులో వచ్చే ఏడు అనేది ఎప్పుడూ రాదని నాకు థర్డ్ ఫారం అప్పుడే తెలిసింది. నేను గిన్నెలు దబదబా పెడుతుంటే మా ఆయన నా బాధ అర్థం చేసుకుని ఓదార్చారు. సముద్రపు గాలి ఒంటికి మంచిదట, చీరాల దగ్గరే కనక నేత చీరలు చవకగా దొరుకుతాయట. చేతిలో ఉన్న గరిటె ఆయన మీదకు విసరకుండా నన్ను ఏ దేవుడు ఆపాడో తెలియదు.

ఊరు కూడా కంగారు పడింది. మునసబుగారు ఈసారి ఒక్కరే రాలేదు, అరుగు పట్టనంత మందితో వచ్చారు. అందరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. కరెంటు స్తంభాల అర్జీ మధ్యలో ఉంది. విత్తనాల కంపెనీ మీద ఫిర్యాదుకు ఎదురు ప్రశ్నలు వచ్చి ఉన్నాయి.

“మిమ్మల్ని బళ్ళోంచి మార్చమన్నాం గానీ మాస్టారూ, ఊళ్ళోంచి తియ్యమన్నామా,” అన్నారు మునసబుగారు. తనకే అన్యాయం జరిగినట్టు ఆయన నిజంగానే బాధపడుతున్నారు.

బదిలీ రద్దు చెయ్యమని ఇంకో అర్జీ రాయమన్నారు. మా ఆయన రాయనన్నారు. తన గురించి తాను మంచిగా రాసుకోవడం పద్ధతి కాదన్నారు. పైగా మొన్న రాసినవన్నీ నిజాలు, వాటిని ఖండించడానికి తన దగ్గర ఏ కారణమూ లేదన్నారు. వాళ్ళు బతిమాలారు. ఆయన కదల్లేదు. మూడో లోపం ఎంత నిజమో నాకు అప్పుడు బాగా అర్థమైంది.

“నేను రాస్తాను,” అన్నాను తలుపు వెనక నుంచి.

అరుగు మీద తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. నలుగురు మగవాళ్ళు మాట్లాడుతుంటే నేను నోరు విప్పడం అదే మొదలు. అమ్మగారికి ఇంగిలీషు వచ్చా అని మునసబుగారు మెల్లిగా అడిగారు. గుర్తులు బాగానే పెడుతుంది అన్నారు మా ఆయన.

మర్నాడు ఆయన బడికి వెళ్ళాక, పొయ్యి ఆర్పేసి, తలుపు గడియ వేసుకుని కూర్చున్నాను. పరీక్ష కోసం వ్యాసాలు బట్టీ పట్టడమే గాని నా అంతట నేను ఇంగ్లీషులో ఒక మాట చెప్పి ఎరగను. మొదటి వాక్యం రాసేసరికే చెమటలు పట్టాయి. తర్వాత ఒక వింత తెలిసింది. మా రోజుల్లో భర్త పేరు పలకడమే తప్పు. ఆయన మంచివారని నోటితో అనడం ఇంకా తప్పు, దిష్టి తగులుతుందని కాదు, సిగ్గు. ఇంగ్లీషులో మాత్రం ఆయన ‘ది సెడ్ టీచర్’, అంటే సదరు ఉపాధ్యాయుడు. ఆ సెడ్ టీచరు గురించి ఏమైనా రాయవచ్చు. ఆయన కఠినుడు, అబద్ధం ఆడడు. ఏ పిల్లవాడి మీదా చెయ్యి ఎత్తలేదు. ఏ రైతు దగ్గరా ప్రతిఫలం అడగలేదు, ఇచ్చిన వంకాయలు సగం పక్క ఇళ్ళకు పంచేశాడు. తనకు ముప్పు తెచ్చే మాట అయినా నిజమైతే దాచడు. ఈ మాటలు తెలుగులో అయితే చచ్చినా రాయలేకపోయేదాన్ని. రాస్తూ ఉంటే కోపం కొంచెం తగ్గింది, పూర్తిగా తగ్గలేదు.

చివరికి అడగవలసిన చోటుకు వచ్చాను. ఊరివాళ్ళు బదిలీ మొత్తం రద్దు చెయ్యమంటున్నారు. ఒకసారి ఇచ్చిన ఆర్డరు తప్పని ఏ ఆఫీసరూ ఒప్పుకోడు. కొన్నాళ్ళు ఆపమంటే ఆపవచ్చు. నాకు కావలసింది కూడా అంతే. కలం సిరాలో ముంచి, తెగించి రాసేశాను. ‘మా మనవి ఒక్కటే: ఈ ఉపాధ్యాయుని వద్ద చదువుకుంటున్న ఒక స్త్రీ మార్చిలో స్కూలు ఫైనలు పరీక్షకు కూర్చోబోతున్నది; అంతవరకైనా ఆయనను ఇక్కడ ఉండనివ్వండి.’

సాయంత్రం ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చోగానే కాగితం ముందు పెట్టాను. ఆయన ఎర్ర పెన్సిలు తీశారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. నా పరీక్ష ఎక్కడో కాదు, అక్కడే జరుగుతున్నట్టుంది.

ఆయన మొదటి నుంచి మొదలుపెట్టారు. ఒక చోట కామా తీసేశారు. ఒక చోట ‘చాలా’ అన్న మాట అనవసరమని కొట్టేశారు. వంకాయల సంగతి అర్జీలో ఉండదగింది కాదన్నారు. తన గురించి నేను రాసిన మంచిమాటల మీద నుంచి పెన్సిలు అలా జారుకుంటూ పోయింది, ఎవరో పరాయి మాస్టారి గురించి చదువుతున్నట్టు. చివరి వాక్యం దగ్గర ఆగారు. మళ్ళీ చూశారు. తల ఊపారు.

“కోలన్ ముందు నిండు వాక్యం ఉంది. సెమికోలన్ కూడా సరిగ్గా పడింది,” అన్నారు. నాకు ఊపిరి వచ్చింది. అంతలో ఆయన నుదురు ముడుచుకుంది. “కానీ అర్జీలో అబద్ధం రాయకూడదు. మన ఊళ్ళో స్కూలు ఫైనలు కట్టిన ఆడవాళ్ళెవరున్నారు? ఎవరావిడ?”

ఆయన వేళాకోళం ఆడటం లేదు. పెన్సిలు ఆ మాట మీద పెట్టి, కొట్టెయ్యడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ దరఖాస్తు మీద సంతకం పెట్టింది ఆయనే. దీపాలు పెట్టాక రోజూ నా ఎదురుగా కూర్చుని పాఠం చెప్పిందీ ఆయనే. నాకు కోపం రావలసింది. రాలేదు. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, అవి కనపడకుండా ఉండాలని కూడా అనిపించలేదు.

“నేనే,” అన్నాను.

ఆయన కాగితం వైపు చూశారు. పెదాలు కదుపుతూ ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నారు. ఈసారి గుర్తుల కోసం చదవడం లేదని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. చదవడం అయ్యాక కూడా తల ఎత్తలేదు. బయట ఎవరో పత్తి బండి తోలుకుంటూ పోయారు, ఆ చప్పుడు వీధి చివరిదాకా వినపడింది.

“మునసబుగారికి అర్జీ రాసిచ్చిన రోజు నువ్వు నాకు గుర్తు రాలేదు,” అన్నారు.

“నాకు తెలుసు,” అన్నాను.

ఆ రాత్రి ఆయన అన్నం సగంలో వదిలేశారు. కామా తప్పు లేకుండానే ఆయనకు అన్నం సహించకపోవడం అదే చూశాను. పొద్దున్నే నా పుస్తకం తీసుకుని, పద్యభాగం ఎంతవరకు అయిందని అడిగారు. మొదలే పెట్టలేదని చెప్పాను. మొదలుపెట్టారు. బడికి వెళ్ళేముందు ఒక గంట, వచ్చాక ఒక గంట. గోడ పక్క ఇల్లే అయినా లెక్కల మాస్టారి దగ్గరకు కూడా ఆయనే నన్ను దింపి వచ్చేవారు. బళ్ళో కూడా పద్యభాగం చెప్పడం మొదలుపెట్టారని, హాఫ్ ఇయర్లీలో మునసబుగారి అబ్బాయికి ఎలాగో ప్యాసు మార్కులు వచ్చాయని విన్నాను. వాడు ‘హౌఎవర్’ వాడటం మానేశాడట.

కాగితం మీద ఊరంతా సంతకాలు చేసింది. జవాబు వచ్చింది. విద్యా సంవత్సరం ముగిసేదాకా ఉంచి, తర్వాత విధిగా కొత్త చోట చేరాలని. మునసబుగారు నొచ్చుకున్నారు, అమ్మగారు ఇంకొంచెం గట్టిగా అడగాల్సిందన్నారు. నాకు మాత్రం అడిగినంతా వచ్చింది.

మార్చిలో పరీక్షలు. వినుకొండకు పొద్దున్నే బస్సులో తీసుకువెళ్ళారు. పిల్లల మధ్య చీర కట్టుకున్న మనిషిని నేనొక్కదాన్నే. ఇంగ్లీషు పరీక్ష రోజున మూడు గంటలూ బయట రోడ్డు అవతల ఒక సోడా కొట్టు నీడలో నిలబడే ఉన్నారట. సోడా కొట్టతను తర్వాత నాతో చెప్పాడు, మీ ఆయన ఒక్క సోడా తాగలేదమ్మా అని. నేను బయటకు రాగానే రోడ్డు దాటి ఎదురొచ్చారు. ప్రశ్నపత్రం చేతిలోంచి తీసుకుంటారని, ఏ వాక్యం ఎక్కడ ఆపానో, ఏ గుర్తు పెట్టానో ఒక్కొక్కటీ అడుగుతారని జవాబులు సిద్ధం చేసుకున్నాను.

ఆయన కాగితం వైపు చూడలేదు.

“ఏం రాశావు?” అని అడిగారు.

వ్యాసానికి మూడు అంశాలిస్తే వాటిలో నేను పుట్టిన ఊరు అన్నది తీసుకున్నానని చెప్పాను. పొన్నూరు కాలవ గురించీ, మా అమ్మ గురించీ, బడి మానేసిన రోజు గురించీ రాశానన్నాను. ఆ రోజు ఏమైందని అడిగారు. ఆరేళ్ళ కాపురంలో ఆయనకు అది నేను ఎప్పుడూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. నడుస్తూ చెప్పడం మొదలుపెట్టాను. ఆయన నా పక్కనే నడుస్తూ వింటున్నారు. బస్సు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.